పిల్లల్ని విదేశీ చదువుకు పంపాలా, వద్దా? ఇంటి కాగితాలు బ్యాంకుకు ఇచ్చే ముందు ఈ లెక్క వేసుకోండి

టోలీచౌకి, మలక్‌పేట మొదలుకొని నిజామాబాద్, కర్నూలు, గుంటూరు దాకా, బీటెక్ ఆఖరి సంవత్సరం చదివే పిల్లలున్న ఏ ఇంట్లో చూసినా ఇప్పుడు ఒకటే చర్చ. ఎమ్మెస్‌కి పంపాలా? పంపితే ఏ దేశానికి? డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? చాచా కొడుకు డాలస్‌లో కారు కొన్న ఫొటో ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో పది సార్లు తిరుగుతుంది. రెండేళ్లు చదివి, ఉద్యోగం దొరక్క తిరిగొచ్చి, అబ్బా చేసిన అప్పు ఎలా తీర్చాలో తెలియక ఇంట్లో కూర్చున్న కుర్రాడి ఫొటో మాత్రం ఎవరూ పెట్టరు. అందుకే మన దగ్గర ఈ నిర్ణయాలు సగం సమాచారంతోనే జరిగిపోతున్నాయి.

అమెరికాలో చదివే విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు మనవాళ్లదే మొదటి స్థానం. 2023-24లో చైనాను దాటేశాం. 2024-25 విద్యా సంవత్సరంలో అక్కడున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3,63,019. అందులో తెలుగు పిల్లలు ఎంతమంది ఉంటారో నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ ముందు లైను చూస్తేనే అర్థమవుతుంది. ఇంతమంది వెళ్తున్నారంటే మంచిదే అయ్యుంటుంది అనుకోవడం సహజం. కానీ వీళ్లలో చాలామంది వెళ్లిన రోజున్న పరిస్థితి వేరు, ఇప్పుడు బయల్దేరే వారికి ఎదురయ్యే పరిస్థితి వేరు.

కన్సల్టెన్సీకి వెళ్లిన తల్లిదండ్రులు మామూలుగా మూడు ప్రశ్నలు వేస్తారు. వీసా వస్తుందా? యూనివర్సిటీ ర్యాంకు ఎంత? పార్ట్‌టైం దొరుకుతుందా? అసలు అడగాల్సింది నాలుగోది, అది కన్సల్టెన్సీని అడిగేది కూడా కాదు, ఇంట్లో అందరూ కూర్చుని అడుక్కోవాల్సింది. చదువు అయ్యాక అక్కడ ఉద్యోగం రాకపోతే, బిడ్డ ఇక్కడికే తిరిగొచ్చి ఇక్కడి జీతంతో బతకాల్సి వస్తే, ఈ అప్పు ఎవరు కడతారు?

రెండు రకాల నెల జీతం

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. అమెరికాలో రెండేళ్ల ఎమ్మెస్‌కి ఫీజు, ఇంటి అద్దె, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి 40 లక్షల అప్పు అనుకుందాం. డాలర్ రూ.90 దాటిన ఈ రోజుల్లో చాలా యూనివర్సిటీలకు ఇది తక్కువ అంచనాయే. పదకొండు శాతం వడ్డీ. చదివే రెండేళ్లు, ఆపైన ఆరు నెలలు కిస్తీలు ఉండవు కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. కిస్తీ ఉండదు, కానీ వడ్డీ మీటరు తిరుగుతూనే ఉంటుంది. కిస్తీలు మొదలయ్యే నాటికి అసలు 47 లక్షలైనా అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 65 వేల రూపాయల ఈఎంఐ.

ఇప్పుడు అబ్బాయికి అక్కడ ఏడాదికి 70 వేల డాలర్ల ఉద్యోగం వచ్చిందనుకోండి. పన్నులు పోను నెలకు నాలుగున్నర వేల డాలర్ల పైన చేతికొస్తుంది. నలుగురితో కలిసి గది పంచుకుని జాగ్రత్తగా ఉంటే నెలకు లక్షన్నర రూపాయలకు పైగా ఇంటికి పంపగలడు. మూడేళ్లలో అప్పు తీరిపోతుంది. చాచా కొడుకు కథ ఇదే.

అదే అబ్బాయి, అదే డిగ్రీతో హైదరాబాద్‌కి తిరిగొచ్చి మాదాపూర్‌లో ఏడాదికి ఏడు లక్షల ప్యాకేజీలో చేరాడనుకోండి. చేతికొచ్చేది నెలకు 50 వేల చిల్లర. ఈఎంఐ 65 వేలు. జీతం మొత్తం ఇచ్చినా ఇంకా 15 వేలు తక్కువ. అది అబ్బా పింఛను నుంచో, గల్ఫ్‌లో ఉన్న అన్న జీతం నుంచో రావాలి. అదీ లేకపోతే, తాకట్టు పెట్టిన ఇల్లే.

ఈ రెండో లెక్క వేసి చూశాక కూడా ఇల్లు నిలబడుతుందంటే నిశ్చింతగా పంపండి. నిలబడదంటే దేశమైనా మార్చాలి, యూనివర్సిటీ అయినా మార్చాలి, అప్పు మొత్తమైనా తగ్గించాలి. మొదటి లెక్క ఒక్కటే చూసుకుని సంతకం పెట్టడం చదువు మీద పెట్టుబడి అనిపించుకోదు.

నిబంధనలు ఎలా మారాయంటే

అమెరికాలో చదువు పూర్తయ్యాక ఓపీటీ కింద 12 నెలలు పని చేయవచ్చు. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్ కోర్సులైతే ఇంకో 24 నెలలు పొడిగింపు. మొత్తం మూడేళ్లు. ఇంతవరకు అందరికీ తెలుసు. చాలామంది తల్లిదండ్రులకు తెలియనిది ఏమిటంటే, ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. పొడిగింపు కాలంతో కలిపినా మొత్తం 150 రోజులే. ఆ గడువు గుర్తుకొచ్చే పిల్లలు అర్ధరాత్రి ఫోన్ చేసి ‘అమ్మీ, దువా చేయండి’ అంటారు.

ఆ తర్వాత హెచ్-1బీ. ఏడాదికి 85 వేలే ఇస్తారు, అదీ లాటరీలో. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. అమెరికాలోనే ఉండి స్టూడెంట్ వీసా నుంచి మారే వారికి ఇది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు కాబట్టి కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. అయితే ఎక్కువ జీతం ఉన్నవారికి ఎక్కువ అవకాశం ఉండేలా లాటరీ పద్ధతినే మార్చారు. అప్పుడే చదువు ముగించుకుని చిన్న జీతంతో మొదలుపెట్టే మన పిల్లలకు ఇది మంచి వార్త కాదు. ఇంకొకటి, 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాకు దరఖాస్తు చేసేవారు తమ సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌లో పెట్టాలని అమెరికా విదేశాంగ శాఖ చెప్పింది. గాజా మీద పెట్టిన పోస్టుల సంగతి ఏమవుతుందని మన పిల్లలు అడుగుతున్నారు. ఏ పోస్టును అధికారి ఎలా చూస్తాడో ఎవరూ ముందే చెప్పలేరు. తన అభిప్రాయం తుడిచేసుకోవాలా, దేశం మార్చుకోవాలా అన్నది ఆ పిల్లవాడే తేల్చుకోవాలి. ఖాతా దాచిపెట్టి ఫారంలో అబద్ధం రాయడం మాత్రం వద్దు. అబద్ధం దొరికితే ఆ దేశం తలుపులు శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

బ్రిటన్‌లో మాస్టర్స్ ఒక్క ఏడాదే, ఖర్చు తగ్గుతుందని చాలామంది అటు చూస్తారు. చదువయ్యాక పని చేసుకునే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటివరకు రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే బ్యాచిలర్స్, మాస్టర్స్ విద్యార్థులకు అది 18 నెలలే. అంటే 2026 సెప్టెంబర్‌లో చేరేవారికి 18 నెలలే అని లెక్క వేసుకోవాలి. కెనడాలో 2024 నుంచి స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టారు. ఫీజు కాకుండా జీవన ఖర్చుల కోసమే 22,895 కెనడా డాలర్లు చూపించాలి. అది మన డబ్బులో 14 లక్షల పైమాటే.

వడ్డీ సంగతి

మన ఇళ్లలో ఇంకో ప్రశ్న ఉంటుంది. బ్యాంకు అప్పు అంటే వడ్డీ. ఈ విషయంలో ఏది సరైనదో చెప్పాల్సింది ఉలమాలు, మీకు నమ్మకమున్న ఆలిమ్‌ని అడగండి. డబ్బు వైపు నుంచి మాత్రం ఒక మాట. వడ్డీ తప్పించుకోవాలని చాలా కుటుంబాలు ప్లాట్ అమ్ముతాయి, బంగారం తీస్తాయి, మామూ దగ్గర ఐదు, ఫుప్ఫా దగ్గర మూడు లక్షలు చేబదులు తీసుకుంటాయి. కర్జె హసనా మంచి సంప్రదాయమే. కానీ నోటిమాట మీద తీసుకున్న అప్పు ఎన్ని అన్నదమ్ముల ఇళ్లను విడదీసిందో మీకూ తెలుసు. సూరె బఖరాలోని 282వ ఆయతు ఖుర్ఆన్‌లోనే అతి పొడవైనది, అప్పును రాసుకొమ్మని చెప్పేదే. ఎంత తీసుకున్నారు, ఎప్పటిలోగా ఇస్తారు, అబ్బాయికి ఉద్యోగం ఆలస్యమైతే ఏమిటి, ఇవన్నీ ఇద్దరు సాక్షుల ముందు కాగితం మీద పెట్టండి. మొహమాటపడాల్సిన పనే లేదు.

బ్యాంకు అప్పే తీసుకుంటే, కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టేది తండ్రి. పెద్ద మొత్తానికి ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఇల్లో స్థలమో తాకట్టు అడుగుతాయి. ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలు తాకట్టు లేకుండా ఇస్తామంటాయి, వడ్డీ మాత్రం ఎక్కువ. తండ్రి వయసు 55 దాటిందంటే పదేళ్ల కిస్తీలో సగం ఆయన సంపాదన ఆగిపోయాకే వస్తుంది. సౌదీలోనో, కువైట్‌లోనో ఉద్యోగమైతే ఆ అఖామా ఎన్నాళ్లుంటుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువు అప్పుపై వడ్డీని కేంద్రం భరించే ‘పఢో పరదేశ్’ పథకం 2022-23 నుంచి ఆగిపోయింది. ఇంకా ఉందని చెప్పి ఎవరైనా ఫీజు అడిగితే నమ్మకండి. సొంత డబ్బు పంపేవారు ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తంపై టీసీఎస్ కడతారు. అది పోయే డబ్బు కాదు, ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. గుర్తింపు పొందిన సంస్థ నుంచి తీసుకున్న విద్యా రుణమైతే ఆ బాధ లేదు.

ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌ని నమ్ముకోవచ్చా?

తెలంగాణ ప్రభుత్వం మైనారిటీలకు ఇచ్చే ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద 20 లక్షల రూపాయలు, వెళ్లేందుకు విమాన టికెట్ ఇస్తారు. కుటుంబ వార్షిక ఆదాయం 5 లక్షల లోపు ఉండాలి, వయసు 35 దాటకూడదు, డిగ్రీలో 60 శాతం రావాలి, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు ఉండాలి. పీజీకి, పీహెచ్‌డీకి మాత్రమే. ఇంటర్ అయిన వెంటనే పంపాలనుకునేవారికి ఇది లేదు.

నిజంగా గొప్ప పథకం. వేలాది పేదింటి పిల్లలు దీని వల్లే విమానం ఎక్కారు. కానీ దీన్ని అర్థం చేసుకోవడంలోనే చిక్కుంది. డబ్బు రెండు విడతల్లో వస్తుంది. మొదటి విడత బిడ్డ అక్కడికి చేరి, చేరినట్టు కాగితాలు పంపాక. రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక. అంటే వీసా కోసం చూపించాల్సిన డబ్బు, మొదటి సెమిస్టర్ ఫీజు, వెళ్లగానే గది అడ్వాన్సు, ఇవేవీ ఈ పథకం నుంచి రావు. ముందు మీరే పెట్టుకోవాలి. పైగా విడుదల ఆలస్యమవుతోందని తల్లిదండ్రులు ఎన్నిసార్లు మొరపెట్టుకున్నారో మన పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. కాబట్టి ఈ 20 లక్షల్ని ఫీజు కట్టే డబ్బుగా రాసుకోవద్దు. వచ్చినప్పుడు అప్పు తగ్గించే డబ్బుగా రాసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లోనైతే విదేశీ విద్య పథకం ప్రభుత్వం మారినప్పుడల్లా పేరూ నిబంధనలూ మార్చుకుంటూ వచ్చింది. అక్కడివారు తాజా జీవో చూసుకోనిదే ఒక్క అడుగు వేయకూడదు.

అప్పు తక్కువతో అయ్యే దారులు

మన దగ్గర తక్కువగా మాట్లాడుకునే దేశం జర్మనీ. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటిలో విదేశీయులకూ ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటారు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఇటీవల ఫీజు మొదలుపెట్టింది. బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి, సుమారు 12 లక్షలు. ఇది ఎవరికో కట్టే ఫీజు కాదు, మీ బిడ్డ ఖాతాలోదే. నెలకు 992 యూరోల చొప్పున తన తిండికీ అద్దెకూ తీసుకుంటాడు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు. ఇంతకు ముందు వేసిన లెక్క గుర్తుందా? 40 లక్షల చోట 20, 25 లక్షల్లో రెండేళ్లు గడిస్తే, తిరిగొచ్చినా ఇల్లు నిలబడుతుంది. వడ్డీ వద్దనుకునే కుటుంబం కూడా ఆలోచించగల మొత్తం ఇది.

సులువు మాత్రం కాదు. మార్కులు బాగుండాలి, ఏపీఎస్ సర్టిఫికెట్‌కి నెలల ముందే దరఖాస్తు చేయాలి, కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా ఉద్యోగానికి జర్మన్ భాష రావాలి. హైదరాబాద్‌లోనే బీటెక్ మూడో ఏడాది నుంచి సాయంత్రాలు జర్మన్ నేర్చుకునే పిల్లవాడికి ఇది తగిన దారి. ఆరు నెలల్లో విమానం ఎక్కాలనే తొందర ఉన్నవాడికి కాదు.

పూర్తి స్కాలర్‌షిప్‌లూ ఉన్నాయి. తుర్కియే ప్రభుత్వం ఇచ్చే ‘తుర్కియే బుర్స్‌లారి’లో ఫీజు, హాస్టల్, నెల భత్యం, టికెట్ అన్నీ ఇస్తారు. ఒక ఏడాది టర్కిష్ భాష నేర్పుతారు. డిగ్రీకి 21 ఏళ్ల లోపు ఉండాలి, మామూలుగా జనవరి, ఫిబ్రవరి నెలల్లో దరఖాస్తులు. యూరప్‌లో ఎరాస్మస్ ముండుస్ మాస్టర్స్‌లో ఎంపికైతే ఫీజు లేకపోగా నెలకు 1,400 యూరోలు ఇస్తారు. పోటీ గట్టిగా ఉంటుంది, నిజమే. కానీ దరఖాస్తు చేసేవారిలో మనవాళ్లు కనిపించరు. కారణం సులువైనదే, వీటి మీద కన్సల్టెన్సీకి కమీషన్ రాదు.

కమీషన్ అంటే గుర్తొచ్చింది. ‘మా సర్వీస్ ఫ్రీ’ అని బోర్డు పెట్టిన చోట అద్దె ఎవరు కడుతున్నారో ఆలోచించారా? చాలాచోట్ల విద్యార్థి చేరాక యూనివర్సిటీయే కన్సల్టెన్సీకి కమీషన్ ఇస్తుంది. అందులో తప్పేం లేదు, కానీ అతను చూపించే పది పేర్లూ తనకు కమీషన్ ఇచ్చేవే అయ్యుంటాయి. ‘బ్యాంక్ బ్యాలెన్స్ మేం చూపిస్తాం’ అన్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. 2011లో ట్రై-వ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్ వ్యవహారాల్లో మన తెలుగు పిల్లలు ఎంతమంది ఇరుక్కున్నారో మర్చిపోకూడదు. ఫార్మింగ్టన్ అయితే అమెరికా అధికారులే వల వేయడానికి పెట్టిన బూటకపు యూనివర్సిటీ.

ఎంబీబీఎస్ అయితే లెక్క వేరే

నీట్‌లో ర్యాంకు రాని పిల్లల్ని కిర్గిజ్‌స్తాన్‌కో ఉజ్బెకిస్తాన్‌కో పంపడం మన దగ్గర బాగా పెరిగింది. ‘ముస్లిం దేశం, హలాల్ తిండి, ఫీజు తక్కువ’ అని చెబుతారు. మూడూ నిజమే కావచ్చు. కానీ డాక్టర్‌గా ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే చూడాల్సినవి వేరు. నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిష్‌లో చెప్పాలి, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో అక్కడి పౌరులతో సమానంగా ప్రాక్టీసుకు లైసెన్స్ వచ్చేలా ఉండాలి. తిరిగొచ్చాక మళ్లీ ఇక్కడ 12 నెలల ఇంటర్న్‌షిప్. మధ్యలో ఎఫ్‌ఎంజీఈ పరీక్ష, 300కి 150 రావాలి. ప్రతి విడతలో పాసయ్యేవారి కంటే తప్పేవారే చాలా ఎక్కువ. వీటిలో ఒక్కటి తప్పినా, ఆరేళ్ల చదువుతో 25, 30 లక్షల ఖర్చుతో తిరిగొచ్చిన బిడ్డ పేరు ముందు డాక్టర్ అని రాసుకోలేడు. ఉక్రెయిన్ నుంచి 2022లో చదువు సగంలో వదిలి పరుగెత్తి వచ్చినవాళ్లనీ, 2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద జరిగిన దాడులనీ చూశాం.

అందుకే ముందు ఇక్కడి సీట్ల లెక్క పూర్తిగా చూడండి. అర్హత ఉన్న ముస్లిం వర్గాలకు రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. దక్కన్, షాదాన్ లాంటి మైనారిటీ కాలేజీల్లో ముస్లిం విద్యార్థులకు ప్రత్యేక సీట్లున్నాయి. వాటిలో గత ఏడాది ఎంత ర్యాంకు దాకా వచ్చిందో చూడకుండానే పాస్‌పోర్ట్ ఆఫీసుకు పరుగెత్తేవాళ్లున్నారు.

అమ్మాయి విషయంలో

అబ్బాయికి ప్లాట్ అమ్మే ఇంట్లోనే అమ్మాయి అడిగితే ‘ముందు పెళ్లి, తర్వాత చూద్దాం’ అంటారు. భద్రత గురించి తల్లిదండ్రుల ఆందోళన ఉత్తది కాదు. హాస్టల్ ఎలాంటిది, ఊళ్లో మస్జిద్ ఉందా, మనవాళ్లెవరైనా ఉన్నారా, అన్నీ కనుక్కోవాల్సిందే. అవన్నీ అబ్బాయి కోసం కూడా కనుక్కోవాలి. మార్కులు అమ్మాయివి ఎక్కువైతే ఆ 20 లక్షల పథకం ఆమెకే ముందు అందుతుంది, ఆ లెక్కనైనా గుర్తించాలి కదా. నిఖా చేసి ఇద్దర్నీ కలిపి పంపుదామనుకునేవారు ఒక విషయం చూసుకోండి. 2024 జనవరి నుంచి బ్రిటన్‌లో మామూలు మాస్టర్స్ చదివేవారు భర్తనో భార్యనో వెంట తీసుకెళ్లలేరు. ఇంకో చిక్కు, అప్పు తీరకముందే పెళ్లయితే ఆ ఈఎంఐ ఎవరిది? పుట్టింటిదా, అత్తింటిదా? సంబంధం మాట్లాడేటప్పుడే ఇది తేలాలి. వలీమా అయ్యాక తేలదు.

పేర్ల తిరకాసు

చివరగా చిన్నదిగా కనిపించి పెద్ద తలనొప్పి తెచ్చేది పేరు. పదో తరగతి మెమోలో ‘ఎండీ’, ఆధార్‌లో ‘మొహమ్మద్’, పాస్‌పోర్ట్‌లో ‘మహమ్మద్’. మనకు మూడూ ఒకటే, వీసా అధికారికీ బ్యాంకుకీ ముగ్గురు మనుషులు. అమ్మాయిల పాస్‌పోర్టుల్లో చాలాసార్లు ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, లేదా పేరంతా ఇంటిపేరు గడిలోనే ఉంటుంది. అప్పుడు అమెరికా వీసా మీద మొదటి పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని వేస్తారు, అంటే మొదటి పేరు తెలియదు అని. అక్కడ బ్యాంకు ఖాతా నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా ఆ మూడక్షరాలే ఆమె పేరైపోతాయి. పదో తరగతి మెమోలో తప్పుంటే స్కూల్ హెడ్మాస్టర్ ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు చేయాలి. నెలలు పడుతుంది, స్కూలు మూతపడితే ఇంకా కష్టం. పిల్లలు ఇంటర్‌లో ఉండగానే మెమో, ఆధార్, పాస్‌పోర్ట్ మూడూ ఒక టేబుల్ మీద పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. తండ్రి పేరు కూడా.